తొమ్మిది స్టార్ కీలు, ఒక బిట్ల డబ్బా: రెండు టార్క్స్ సెట్ల సమీక్ష

డిస్క్ బ్రేకుల సైకిలు, కాస్త కొత్త రకం బైకు, పాత హార్డ్ డిస్కు, వీటిలో ఏ ఒక్కటి ఇంట్లో ఉన్నా, ఆరు రెక్కల గాడి ఉన్న టార్క్స్ స్క్రూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడక తప్పదు. దాన్ని విప్పడానికి మామూలు ప్లస్, మైనస్ స్క్రూడ్రైవర్లు పనికిరావు. అందుకోసం మన మార్కెట్లో విరివిగా దొరికే రెండు రకాల సెట్లను కొని, చాలాకాలంగా వాడుతున్నాను. మొదటిది టీ10 నుంచి టీ50 వరకు తొమ్మిది సైజుల ఎల్-కీల, అంటే ఎల్ ఆకారంలో వంచిన కడ్డీల సెట్. రెండోది ఒక పిడి, దానిలో అమర్చుకొనే సన్నని బిట్లు ఉన్న చిన్న డబ్బా. వీటి పేర్లు చెప్పడం లేదు. అదే సరుకు ఒక దుకాణంలో ఒక స్టిక్కరుతో, పక్క దుకాణంలో మరో స్టిక్కరుతో అమ్ముడవుతోంది కనుక పేరును బట్టి నాణ్యతను పోల్చుకోవడం కుదరదు. ముందుగా నా అభిప్రాయం చెబుతాను: ఎల్-కీల సెట్ పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేసింది, బిట్ల డబ్బా మాత్రం సగం పనికే పనికొచ్చింది.

కొనేటప్పుడే ఒక చిక్కు వస్తుంది. మన దుకాణాల్లో స్టార్ స్క్రూడ్రైవర్ అని అడిగితే నూటికి తొంభైమంది ప్లస్ స్క్రూడ్రైవరే చేతిలో పెడతారు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నేను అడిగిన దుకాణదారు మాత్రం అనుభవజ్ఞుడు. ‘‘ఏ స్టార్ సార్, నాలుగు కొనలదా, ఆరు కొనలదా?’’ అని అడిగి, ఆరు అనగానే ‘‘అయితే టార్క్స్ అనండి, నంబరు చెప్పండి’’ అన్నారు. ఆన్‌లైన్లో కొనేవాళ్లకు ఈ ప్రశ్న వేసేవాళ్లు ఉండరు కాబట్టి, వివరాల్లో టార్క్స్ అన్న మాటో, టీ అక్షరం పక్కన అంకో ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. పీహెచ్1, పీహెచ్2 అని రాసి ఉంటే అది ప్లస్సే. కొన్ని కంపెనీలు టార్క్స్ అన్న పేరును వాడకుండా సిక్స్ లోబ్ అనీ, స్టార్ కీ అనీ రాస్తాయి. ఆ పేరు నమోదైన వ్యాపారచిహ్నం కావడమే అందుకు కారణం. ఆకారానికి మాత్రం ఐఎస్ఓ 10664 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది కనుక, పేరు ఏదైనా సైజు నంబరు ఒకటైతే కొలత కూడా ఒకటే కావాలి.

ఈ ఆకారాన్ని 1967లో అమెరికాలోని క్యామ్‌కార్ టెక్స్‌ట్రాన్ అనే సంస్థ రూపొందించింది. అంతకు ముప్పై ఏళ్ల ముందే హెన్రీ ఫిలిప్స్ పేరుతో వాడకంలోకి వచ్చిన ప్లస్ స్క్రూ అప్పటికి ప్రపంచమంతా పాకిపోయి ఉంది. అంత చలామణిలో ఉన్నదాన్ని కాదని కొత్తది ఎందుకు కావలసి వచ్చిందో గాడి లోపలి గోడలను చూస్తే తెలుస్తుంది. ప్లస్ గాడి గోడలు లోపలికి వెళ్లేకొద్దీ ఏటవాలుగా దగ్గరవుతాయి, దానిలో దూరే కొన కూడా కోసుగానే ఉంటుంది. తిప్పే బలం పెరిగేకొద్దీ ఆ వాలు గోడలు కొనను పైకి నెట్టేస్తాయి. అందువల్ల బిగుసుకుపోయిన ప్లస్ స్క్రూను విప్పాలంటే తిప్పడానికి ఎంత బలం కావాలో, కొన పైకి లేవకుండా అదిమి పట్టడానికీ దాదాపు అంత బలం కావాలి. ఆ అదుము ఒక్క క్షణం సడలితే కొన జారి గాడి అంచులను చెక్కేస్తుంది. టార్క్స్ గాడి గోడలు దాదాపు నిలువుగా దిగుతాయి కాబట్టి కొనను పైకి నెట్టే బలమే ఉండదు, చేతి బలమంతా తిప్పడానికే మిగులుతుంది.

గోడలు నిలువుగా ఉండటం అలెన్ స్క్రూకూ ఉన్న గుణమే. అయితే ఆరు పలకల అలెన్ కీ తన మూలల దగ్గర మాత్రమే గోడలకు ఆనుతుంది. ఆనే చోట బలం పడే కోణం 60 డిగ్రీలు కావడంతో, మనం పెట్టిన బలంలో పెద్ద భాగం స్క్రూను తిప్పడానికి బదులు గాడి గోడను బయటికి తోయడానికే ఖర్చయిపోతుంది. పాత అలెన్ స్క్రూల గాళ్లు గుండ్రంగా అరిగిపోవడానికి ఇదే కారణం. టార్క్స్‌లో ఆ కోణం 15 డిగ్రీలు. గుండ్రని రెక్కల పక్కలు గాడి పక్కలకు వెడల్పుగా ఆనడం వల్ల ఒత్తిడి ఒక్క మూలలో పోగుపడదు. అందుకే అదే లావు స్క్రూకు టార్క్స్ తల ఉంటే, తల చెడకుండానే ఎక్కువ బిగువు ఇవ్వవచ్చు. కర్మాగారాల్లో మరయంత్రాలతో వేలకొద్దీ స్క్రూలు బిగించేవాళ్లకు ఈ ఆకారం నచ్చడానికి ఇదే కారణం. ఇంట్లో పనిచేసుకొనే మనకు దీనివల్ల దక్కే మేలు వేరు: స్క్రూ పక్కవాటంగా ఉన్నా, ఒక్క చేత్తో పట్టుకొన్నా జారదు.

అయితే ఈ మేలంతా సరైన సైజు పెట్టినప్పుడే. టీ పక్కన ఉండే అంకె మిల్లీమీటర్లు కాదు, వరుస సంఖ్య. టీ10 కొన వెడల్పు ఇంచుమించు 2.8 మి.మీ., టీ15కు 3.35, టీ20కి 3.95, టీ25కు 4.5, టీ27కు 5.1, టీ30కి 5.6, టీ40కి 6.75 మి.మీ. టీ30 వరకు పక్కపక్క సైజుల మధ్య తేడా అర మిల్లీమీటరు చుట్టూ ఉంటుంది కాబట్టి, ఒక సైజు తక్కువది పెట్టినా లోపలికి దిగుతుంది, కొంతసేపు తిరుగుతున్నట్టే అనిపిస్తుంది కూడా. టీ25 స్క్రూలో టీ20 కీ పెట్టి తిప్పితే రెక్కల కొసలు మాత్రమే తగిలి, వాటితో పాటు గాడిలోని రెక్కలు కూడా చదునైపోతాయి. ఆ తర్వాత సరైన సైజు తెచ్చినా ఫలితం ఉండదు. నంబరు తెలియని స్క్రూకు పెద్ద సైజుతో మొదలుపెట్టి, దూరనప్పుడు ఒక్కొక్క మెట్టు దిగుతూ రావాలి. మొదట పూర్తిగా దిగినదే సరైన సైజు. చిన్న అలెన్ కీని ఇరికించి తిప్పేవాళ్లనూ చూశాను. వాళ్లు విప్పిన స్క్రూలు మళ్లీ బిగించడానికి పనికిరాలేదు.

ఇక ఎల్-కీల సెట్ సంగతి. టీ10, టీ15, టీ20, టీ25, టీ27, టీ30, టీ40, టీ45, టీ50 అనే తొమ్మిది సైజులూ ఒక ప్లాస్టిక్ పట్టీలో వరుసగా ఉంటాయి. క్రోమ్ వెనేడియం ఉక్కు అని పట్టీ మీద అచ్చు వేశారు. నేను తెచ్చిన దానికి నాలుగైదు వందల రూపాయల మధ్య పడింది. సెట్ చేతికి రాగానే కొనలను వెలుతురులో భూతద్దంతో చూశాను. ఆరు రెక్కలూ సమానంగా, అంచులు స్పష్టంగా ఉన్నాయి; కొస దగ్గర బర్రు, అంటే కోతలో మిగిలే గరుకు అంచు, మిగల్లేదు; పూత నల్లగా, పలుచగా ఉంది. తళతళలాడే మందపాటి క్రోమ్ పూత చూడటానికి బాగుంటుంది కానీ, చిన్న సైజుల్లో ఆ పూత మందమే కొలతను మార్చేస్తుంది, పైగా కొంతకాలానికి కొస దగ్గర పెచ్చులుగా లేస్తుంది. రెండో పరీక్ష ఇంకా తేలిక. కొత్త టీ25 స్క్రూను కీ కొనకు తగిలించి, కీని అడ్డంగా పట్టుకొన్నాను. అయస్కాంతం లేకపోయినా స్క్రూ కింద పడలేదు, అటూ ఇటూ కదిపితే ఆటాడలేదు. దుకాణంలోనే ఎవరైనా చేసుకోగల పరీక్ష ఇది. దుకాణదారు ఒప్పుకోకపోతే ఆ సెట్ వదిలేయడం మేలు.

ఈ సెట్‌లో నాకు ఎక్కువగా పనికొచ్చినది టీ25. సైకిలు చక్రానికి డిస్క్ బ్రేకు పళ్లేన్ని పట్టి ఉంచే ఆరు బోల్టుల తలలు సాధారణంగా ఈ సైజువే. అవి ఎం5, అంటే 5 మి.మీ. లావు బోల్టులు, వాటి మరలకు కర్మాగారంలోనే బిగింపు జిగురు పూసి పంపుతారు. కనుక మొదటిసారి విప్పేటప్పుడు గట్టిగా మొరాయిస్తాయి. ఆ పని చేసే ముందు గాడిలో పేరుకొన్న బురదను సూదితో, పాత టూత్‌బ్రష్షుతో పూర్తిగా తీసేయాలి. లోపల కొంచెం మట్టి మిగిలినా కీ అడుగు వరకు దిగదు. పైపైన ఆనిన కీతో బలం పెడితే ఎంత మంచి ఉక్కైనా గాడిని చెడగొడుతుంది. శుభ్రం చేశాక పొట్టి కాలును గాడిలో పెట్టి, పొడుగు కాలును చేత్తో పట్టి ఒక్క ఊపులో తిప్పగానే జిగురు విరిగిన చప్పుడు వచ్చింది. ఆపైన పొడుగు కాలును గాడిలోకి మార్చి వేళ్లతోనే బోల్టును బయటికి తీశాను. కొన మీద గీత కూడా పడలేదు. తిరిగి బిగించేటప్పుడు బోల్టులను వరుసగా కాక ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలన్నది అందరికీ తెలిసిందే. ఎల్-కీతో బిగువు ఎంత పడుతోందో కొలవలేము కనుక, బ్రేకుల విషయంలో బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచి ఉన్న దుకాణంలో చివరి బిగింపు చేయించుకోవడం మంచిది.

టీ30 వాడింది ఫోక్స్‌వ్యాగన్ పోలో ముందు చక్రం దగ్గర. బ్రేకు డిస్కును హబ్బుకు పట్టించే చిన్న స్క్రూ అది. చక్రం బోల్టులు బిగిశాక దానికి పెద్దగా పని లేకపోయినా, వేడికీ తుప్పుకీ కలిసి బిగుసుకుపోవడంలో దానికి సాటి లేదు. తుప్పు వదిలించే నూనె చల్లి, నానబెట్టి, కీ పెట్టి పైన సుత్తితో నాలుగు దెబ్బలు వేశాక వచ్చింది. ఎల్-కీ వంపు మీద సుత్తి వేయడం దానికి న్యాయం కాదు, ఈ పనికి బిట్ సాకెట్టే తగినది. అయినా కీ తట్టుకొంది. ఇదే టీ30కి మెకానిక్కులు మరో ఉపయోగం కనిపెట్టారు. గాడి అరిగిపోయిన 5 మి.మీ. అలెన్ స్క్రూలో దీన్ని సుత్తితో దిగగొడితే ఆరు రెక్కలు గోడల్లోకి కోసుకుపోయి పట్టు దొరుకుతుంది, స్క్రూ బయటికి వస్తుంది. అలా వాడిన కీని మళ్లీ మంచి టార్క్స్ స్క్రూలో పెట్టకూడదు కాబట్టి, ఈ పనికి పాత కీ ఒకటి పక్కన ఉంచుకోవాలి.

టీ27 మన ఇళ్లలో అరుదుగా వాడతారు. అయితే పొలాల్లో కలుపు కోసే యంత్రాలు, రంపాలు వాడే రైతులకు ఆ సైజు బాగా తెలిసి ఉంటుంది. జర్మనీకి చెందిన స్టిల్ కంపెనీ యంత్రాల మూతలన్నీ దాదాపు ఆ సైజు స్క్రూలతోనే ఉంటాయి. టీ25 కంటే 0.6 మి.మీ. మాత్రమే పెద్దది కాబట్టి, దాని స్థానంలో టీ25 పెట్టి తిప్పి గాళ్లు పాడుచేయడం ఈ యంత్రాల దగ్గరే ఎక్కువ. కేటీఎం, బీఎండబ్ల్యూ బైకుల్లోనూ టార్క్స్ స్క్రూలు కనబడతాయి. టీ45, టీ50 సైజులు నాకు ఇంతవరకు అవసరం పడలేదు. కొన్ని కార్లలో సీటు బెల్టును పట్టి ఉంచే బోల్టులకు టీ50 వాడతారు. అవి ఇంట్లో విప్పవలసినవి కావని నా ఉద్దేశం.

సెట్‌లో ఒక లోపం ఉంది. టీ10 కీకి కాలు బాగా పొడుగు. అంత సన్నని కడ్డీకి అంత పొడవు ఉంటే, స్క్రూ కదలక ముందే కడ్డీ మెలితిరగడం చేతికి తెలుస్తుంది. వదలగానే మళ్లీ నిటారుగా అవుతోంది కాబట్టి ఉక్కులో లోపం లేదు. కానీ చిన్న సైజులకు ఎల్-కీ కంటే పిడి ఉన్న స్క్రూడ్రైవరే అనువు, ఎంత బలం పెడుతున్నామో మణికట్టుకు అర్థమవుతుంది. ఇదే ధరలో కొన్ని సెట్లు పొడుగు కాలు చివర గుండ్రని కొనతో వస్తాయి. ఏటవాలుగా కూడా తిప్పవచ్చన్న సౌకర్యం కోసం కొనవద్దని చెబుతాను, మెడ సన్నబడిన చోట బలం తగ్గుతుంది. అడ్డంకి లేని స్క్రూలను చకచకా తిప్పడానికి తప్ప, మొదటి బిగువు విప్పడానికి అది పనికిరాదు.

చిన్న సైజులకు పిడే అనువన్న ఆలోచనతోనే రెండో డబ్బా కొన్నాను. బిట్ల కాండం 4 మి.మీ. ఆరు పలకలది. పెద్ద డ్రిల్ మిషన్లకు వాడే పావు అంగుళం బిట్లు, అంటే 6.35 మి.మీ. కాండం ఉన్నవి, ఈ పిడిలో పట్టవు. ఇవి వాటిలో నిలవవు. పిడి వెనుక టోపీ స్వేచ్ఛగా తిరుగుతుంది, దాన్ని అరచేతికి ఆనించి వేళ్లతో తిప్పడం సుఖంగా ఉంది. బిట్లను పట్టుకొనే అయస్కాంతమూ బలంగానే ఉంది. ఇంతవరకు బాగుంది. అయితే డబ్బాలో బిట్ల సంఖ్య పెంచడం కోసం ప్లస్, మైనస్, అలెన్, మూడు మూలలది, ఇలా అన్నీ కూరారు. అసలు కావలసిన టార్క్స్ బిట్లలో మాత్రం నాణ్యత ఒక్క తీరుగా లేదు. టీ5, టీ6, టీ8 బిట్లను భూతద్దంలో చూస్తే టీ8 కొన బాగుంది, టీ5 కొనలో రెండు రెక్కలు మిగతావాటికంటే మొద్దుగా ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు స్క్రూ మీద మొదటి వాడకంలోనే ఆ టీ5 కొస జంతికలా మెలితిరిగి అలాగే ఉండిపోయింది. టీ6, టీ8 మాత్రం ఇప్పటికీ పనిచేస్తున్నాయి. డెస్క్‌టాప్ హార్డ్ డిస్కుల మూతలకు ఎక్కువగా టీ8, ల్యాప్‌టాప్ డిస్కులకు టీ6 లేదా టీ5 అవసరమవుతాయి. సమాచారం కావలసిన డిస్కు మూత ఇంట్లో తెరవరాదు, లోపల ధూళి పడితే డిస్కు దక్కదు. పాడైపోయిన డిస్కుల్లోంచి బలమైన అయస్కాంతాలు తీసుకోవడానికే నేను ఆ పని చేస్తాను.

ఈ డబ్బాలో టార్క్స్ బిట్లన్నిటికీ కొస మధ్యలో సన్నని రంధ్రం ఉంది. ఎవరుపడితే వాళ్లు విప్పకుండా కొన్ని పరికరాల్లో స్క్రూ గాడి మధ్య చిన్న పుల్లలాంటి మొన నిలబెడతారు, మామూలు టార్క్స్ కొన ఆ మొనకు తగిలి లోపలికి దిగదు. ఎక్స్‌బాక్స్ 360, ఎక్స్‌బాక్స్ వన్ గేమ్ కంట్రోలర్లలో టీ8 సైజులో ఇలాంటివే ఉంటాయి. రంధ్రం ఉన్న బిట్ రెండు రకాలకూ పనికొస్తుంది కాబట్టి అన్నిటికీ రంధ్రం పెడితే మేలే కదా అనిపిస్తుంది. టీ20, టీ25 సైజుల్లో అది నిజమే. టీ8కి దిగువన మాత్రం ఆ రంధ్రం పోగా మిగిలే ఉక్కు చాలా తక్కువ, రెక్క పగిలి స్క్రూలోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. మామూలు స్క్రూల కోసం రంధ్రం లేని టీ5, టీ6 బిట్లను విడిగా కొనుక్కోవడమే ఉత్తమం. గట్టిదనం ఎక్కువ కావలసిన చిన్న బిట్లకు ఎస్2 అనే ఉక్కు వాడతారు. ఆ మాట బిట్ మీద చెక్కి ఉంటే మంచి గుర్తే గానీ, డబ్బా మీద మాత్రమే అచ్చు వేసి ఉంటే నమ్మడానికి లేదు.

ఐఫోన్ అడుగున ఉండే రెండు స్క్రూలను చూసి చాలామంది టార్క్స్ అనుకొంటారు. అవి ఐదు రెక్కలవి. ఐఫోన్ 4 కాలం నుంచి ఐఫోన్లలో ఆపిల్ వాడుతున్న ఆ రకాన్ని పెంటలోబ్ అంటారు, బిట్ మీద పీ2 అని ఉంటుంది. నా డబ్బాలో పీ2 ఉంది, పనిచేసింది కూడా. ఆ స్క్రూలో టార్క్స్ బిట్‌ను బలవంతంగా దిగగొడితే గాడి పోతుంది, తర్వాత ఫోన్ బాగుచేసేవాడు దాన్ని డ్రిల్ చేయవలసి వస్తుంది.

ఈ రెండు సెట్లూ పనికిరాని చోట్లు మరికొన్ని ఉన్నాయి. కొన్ని కార్ల బోల్టులకు నక్షత్రం తల బయటి వైపే ఉంటుంది, వాటికి ‘ఈ’ (E) అన్న ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే సాకెట్లు కావాలి. ఆ అంకెలకూ టీ అంకెలకూ పొంతన లేదు: ఈ8 సాకెట్ కొలతలో టీ8కి దరిదాపుల్లో కూడా ఉండదు, టీ40కి జోడీగా సరిపోతుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో కొన్నిచోట్ల పన్నెండు మొనల గాడి ఉంటుంది. తొందరలో చూస్తే టార్క్స్‌లాగే కనిపిస్తుంది గానీ, మొనలు లెక్కపెడితే తేలిపోతుంది. బాలానగర్, జీడిమెట్ల వైపు కంప్యూటరు నడిపే సీఎన్‌సీ మిషన్ల మీద పనిచేసేవాళ్లకు తెలిసిన ఐపీ సైజులు, అంటే టార్క్స్ ప్లస్ అనేవి, ఇంకో రకం. కోత పనిముట్ల ఇన్సర్టులను, అంటే మార్చుకొనే కోత ముక్కలను, పట్టి ఉంచే చిన్న స్క్రూలలో మామూలు టీ15తో పాటు ఐపీ15 లాంటివీ ఉంటాయి. మామూలు టార్క్స్ కొన ఐపీ గాడిలో వదులుగా దూరుతుంది, ఐపీ కొన మామూలు గాడిలో దూరనే దూరదు. రోజుకు ఎన్నోసార్లు ఇన్సర్టు మార్చేవాళ్లు ఆ వదులు కొనతో నెట్టుకురావడం వల్లనే స్క్రూలు త్వరగా పాడవుతాయి. వాళ్లకు నా ఎల్-కీల సెట్‌ను సిఫారసు చేయను, ఇన్సర్టు అమ్మిన కంపెనీ ఇచ్చే కీనే వాడాలి.

సైకిలు, బైకు, కారు చిన్నచిన్న పనులు సొంతంగా చేసుకొనేవాళ్లు తొమ్మిది కీల సెట్ కొనవచ్చు. అయితే టీ25 ఒక్కటే రోజూ వాడేవాళ్లు ఆ సైజులో పిడి ఉన్న మంచి స్క్రూడ్రైవర్ విడిగా తీసుకొంటే ఖర్చూ తక్కువ, పనీ హాయి. బిట్ల డబ్బా విషయంలో, సంఖ్య చూసి మురిసిపోకుండా టీ5, టీ6, టీ8, పీ2 బిట్లు విడిగా దొరికే దుకాణం ఉంటే అక్కడే కొనమంటాను. పిడి కోసమైతే నా దగ్గరున్న డబ్బా లాంటిది చాలు. మెలితిరిగిన టీ5 గురించి అమ్మిన సంస్థకు ఫోటో పంపితే, బిట్లు అరిగిపోయే సరుకు కాబట్టి వాటికి వారంటీ వర్తించదని జవాబు వచ్చింది. పిడికి మాత్రం ఏడాది వారంటీ ఉందట.